తెరపై చుక్క సూది మొనే అని ఎలా నిర్ధారించుకోవాలి?
మెడలోని జుగులార్ సిరలో సెంట్రల్ లైన్ (గుండె దగ్గరి పెద్ద సిరదాకా వెళ్లే సన్నని గొట్టం) వేసేటప్పుడు, అల్ట్రాసౌండ్ తెరపై తెల్లని చుక్క సిర మధ్యలోనే కనిపించినా సిరంజిలోకి రక్తం రావడం లేదని, ఒకసారి సూది వెనక గోడను దాటిపోయిందని మీరు రాశారు. సిరను అడ్డంగా కోసినట్టు చూపే అడ్డకోత దృశ్యంలో ప్రోబ్ (చర్మంపై ఆనించే అల్ట్రాసౌండ్ పరికరం) కిందనున్న సన్నని పొర మాత్రమే కనిపిస్తుంది కాబట్టి ఆ చుక్క మొనే కానక్కరలేదు. మొన ఇంకా లోతుకు వెళ్లిపోయాక సూది కాడ కూడా అచ్చం అలాగే మెరుస్తుంది.

అందుచేత చుక్క కనిపించగానే సూదిని ఆపి, ప్రోబ్‌ను అది మాయమయ్యేంత వరకు కొద్దిగా ముందుకు జరపండి. ఆపై చుక్క మళ్లీ తేలేవరకే సూదిని తోయండి. సిర లోపలికి చేరేదాకా ఇలాగే అంచెలంచెలుగా సాగాలి. పై గోడ సూది ఒత్తిడికి లోపలికి కుంగి, గుచ్చుకోగానే చటుక్కున లేస్తుంది. వెనక గోడ తెగేది ఎక్కువగా అక్కడే, కనుక ఆ చోట చేయి నిదానించాలి.

రోగి తలను మరీ పక్కకు తిప్పకండి, సిర కెరోటిడ్ ధమని మీదికి వస్తుంది. డైలేటర్ (దారిని వెడల్పు చేసే గొట్టం) ఎక్కించే ముందు గైడ్‌వైర్ (సూది గుండా లోపలికి పంపే సన్నని తీగ) సిరలోనే ఉందని అడ్డకోతలోనూ నిలువుకోతలోనూ తప్పక చూడండి. ధమనిలో సూది చేసే రంధ్రం కన్నా డైలేటర్ చేసే గాయం ఎంతో ప్రమాదకరం.