కడుపులో గుడగుడ.. పేగుల జబ్బేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 23 ఏళ్లు. ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు మాది. బ్యాంకు పరీక్షల కోచింగ్‌కి రోజూ బస్సులో అమలాపురం వెళ్తాను. పదకొండయ్యేసరికి పక్క బెంచీ వాళ్లకు కూడా వినిపించేంతగా కడుపులో గుడగుడ. మాక్ టెస్టు రోజైతే మరీను. నొప్పి లేదు, విరేచనాలు లేవు. మెడికల్ షాపులో గ్యాస్ అని మాత్రలిచ్చారు, నెలయినా తగ్గలేదు. పొద్దున్నే కాఫీ తాగి బయల్దేరతాను, టిఫిన్‌కి టైముండదు. పేగుల్లో ఏమైనా జబ్బు ఉందా?

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి జబ్బులా లేదమ్మా. టిఫిన్‌కి టైముండదు అన్నారు చూడండి, అసలు సంగతి అక్కడే ఉంది.

పేగులు ఎప్పుడూ ముడుచుకుంటూ, సాగుతూ లోపలున్నదాన్ని కిందికి నెడుతూనే ఉంటాయి. స్టెతస్కోపు పొట్టమీద పెడితే మామూలు మనిషికి కూడా నిమిషానికి 5 నుంచి 30 దాకా చప్పుళ్లు వినిపిస్తాయి, అసలేమీ వినిపించకపోతేనే మేం కంగారుపడతాం. ఇక పక్కవాళ్లకు వినిపించేంత చప్పుడు ఎందుకంటారా? నిండు బోండాం ఊపితే సడి ఉండదు, ముదురుకాయ ఊపితే గలగలమంటుంది, లోపల నీళ్లతో పాటు గాలి చేరింది కాబట్టి. ఖాళీ కడుపులోనూ గాలి, జీర్ణరసాలు తప్ప ఇంకేమీ ఉండవు. పైగా తినకుండా ఉన్నప్పుడు సుమారు 90 నిమిషాల నుంచి రెండు గంటలకోసారి జీర్ణాశయంలో మొదలై చిన్నపేగు చివరిదాకా గట్టి కదలిక ఒకటి సాగుతుంది, మిగిలిపోయిన తుక్కునీ బ్యాక్టీరియానీ ఊడ్చేయడం దాని పని. ఏదైనా తినగానే అది ఆగిపోతుంది. ఆత్మారాముడు గోల పెడుతున్నాడంటామే, ఆ గోల చాలావరకు ఇదే. మెదడుకీ పేగులకీ నరాల సంబంధం ఉంది కాబట్టి టెన్షన్ పడితే ఇంకాస్త పెరుగుతుంది, మీ మాక్ టెస్టు గొడవ అది.

మన దగ్గర గ్యాస్ మాత్ర అని చేతిలో పెట్టేది ఎక్కువగా ఆమ్లం తగ్గించే మాత్రే. దానికీ ఈ చప్పుడుకీ సంబంధం లేదు. మీకు గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు లేకపోతే ఆ మాత్ర అనవసరం, ఆపేయండి. ఆపిన కొత్తలో కొద్దిగా మంట అనిపించవచ్చు, కొన్నాళ్లకు సర్దుకుంటుంది. గ్యాస్ పోతుందని గోలీ సోడా కొట్టించుకునేవాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది, లోపలికి పోసేదే గ్యాస్ కదా!

బయల్దేరే ముందు రెండు ఇడ్లీలో, పెరుగన్నమో తినండి. అదీ కుదరదంటే రెండు అరటిపళ్లు సంచిలో వేసుకుని పది గంటలకు తినండి. బస్సు వచ్చేస్తోందని గబగబా మింగితే గాలి కూడా లోపలికి పోతుంది. చూయింగ్ గమ్‌తో కూడా అంతే.

ఇలా తిన్నా తగ్గకపోతే, కాఫీ తాగిన గంటా రెండు గంటల్లో పొట్ట ఉబ్బి చప్పుడు ఎక్కువవుతోందా చూసుకోండి. కొందరికి పెద్దయ్యాక పాలలోని చక్కెర సరిగా అరగదు, అది పెద్దపేగులో పులిసి గ్యాస్ అవుతుంది. ఒకట్రెండు వారాలు పాలు మానేస్తే తెలిసిపోతుంది, పెరుగు మాత్రం చాలామందికి పడుతుంది. ఇంకోటి, కాలువలు కట్టేసే ఎండాకాలంలో చెరువు నీళ్లు తాగే ఊళ్లు మనకి చాలానే ఉన్నాయి. ఆ నీళ్లు శుభ్రంగా లేకపోతే వచ్చే జియార్డియా ఇన్ఫెక్షన్‌లోనూ గుడగుడ ఉంటుంది కానీ దాంతోపాటు జిడ్డుగా, దుర్వాసనతో విరేచనాలవుతాయి. మీకు అవి లేవన్నారు, అయినా నీళ్లు కాచి తాగండి.

బరువు తగ్గిపోతున్నా, విరేచనంలో రక్తం పడినా, రాత్రి నిద్రలోంచి లేపేలా విరేచనాలైనా డాక్టర్‌కి చూపించుకోండి. పొట్ట ఉబ్బిపోయి, మెలిపెట్టే నొప్పి, వాంతులతో పాటు గాలి కూడా వెళ్లకపోతే మాత్రం పేగు మూసుకుపోయిందేమో చూడాలి, అప్పుడు మెడికల్ షాపుకి కాదు, నేరుగా పెద్దాసుపత్రికే వెళ్లాలి.