ఆ చార్మినార్ వాడిది కాదుగా!

ప్రశ్న: మాది నిజాంపేట. బాబు రెండో తరగతి, పాప ఎల్‌కేజీ. నేనొక ప్రైవేటు ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. మావారిది హైటెక్ సిటీలో ఉద్యోగం, ఇంటికొచ్చాక కూడా కాల్స్ ఉంటాయి. మొన్నొకరోజు రాత్రి తొమ్మిదిన్నరకి క్లాస్ గ్రూపులో మెసేజ్ వచ్చింది, ఎల్లుండికల్లా చార్మినార్ నమూనా చేసి పంపాలని. మర్నాడు ఆఫీసు నుంచి వస్తూ వానలో మూడు షాపులు తిరిగి థర్మోకోల్ తెచ్చాను. బాబు మినార్లు వంకరగా అతికించాడు. విసుగొచ్చి లాక్కుని, అర్ధరాత్రి ఒంటిగంట దాకా కూర్చుని నేనే చేశాను. క్లాసులో టీచర్ మెచ్చుకుంటే వీడు ‘‘మా అమ్మే చేసింది, నన్ను ముట్టుకోనివ్వలేదు’’ అన్నాడట. అందరూ నవ్వారట. అప్పటినుంచి వాడి మొహం చూస్తే కోపం వస్తోంది. మావారు ‘‘నాకు చెప్తే చేసేవాణ్ణిగా’’ అంటారు. అత్తగారు ‘‘మా పిల్లలు ఇవేవీ చేయకుండానే పైకొచ్చారు’’ అంటారు. ఇంత చేసినా నాకెందుకీ మాటలు?
– పేరు రాయని ఒక సోదరి

జవాబు: ముందు మీ బాబు సంగతి. వాడు మిమ్మల్ని నలుగురిలో తీసెయ్యాలని ఆ మాట అనలేదమ్మా. తనది కానిదాన్ని టీచర్ మెచ్చుకుంటుంటే, నాది కాదని చెప్పాడు. ఏడేళ్లవాడికి అది చిన్న విషయం కాదు. ఆ చప్పట్లు నోరు మూసుకుని పుచ్చుకుని ఉంటే నేను ఎక్కువ కంగారుపడేదాన్ని.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. వాన, మూడు షాపులు, ఒంటిగంట, అన్నీ రాశారు. చేతిలోది లాక్కున్నప్పుడు వాడేమన్నాడో, ఏడ్చాడో, అలిగి పడుకున్నాడో ఒక్క ముక్క కూడా రాయలేదు. వాడు క్లాసులో చెప్పింది ఆ రాయని ముక్కే. ఈ రాత్రి పడుకోబెట్టేటప్పుడు ‘‘ఆరోజు నీ చేతిలోంచి లాక్కున్నాను, తప్పు నాదే’’ అనండి. అక్కడితో ఆగండి. ‘‘నువ్వు కూడా సరిగ్గా చేసుంటే...’’ అని తోక తగిలించారంటే మొదటికొస్తుంది.

ఇక స్కూలు. కేంద్ర విద్యాశాఖ 2020లో ఇచ్చిన స్కూల్ బ్యాగ్ విధానంలో రెండో తరగతి దాకా హోంవర్కే వద్దని ఉంది. మూడు నుంచి ఐదు తరగతులకు వారానికి రెండు గంటలు మించకూడదు. ఒకటి, రెండు తరగతుల చిన్నపిల్లలు సాయంత్రం ఇంట్లో ఎలా గడిపారో, ఏం ఆడారో, ఏం తిన్నారో క్లాసులో చెప్పించమంటుంది. మీవాడు చేసింది సరిగ్గా అదే! (నవ్వొస్తే నవ్వేయండి, మీకు కాస్త నవ్వు అవసరం.) ఈ కాగితం పట్టుకుని ప్రిన్సిపాల్ మీదకు వెళ్లమనడం లేదు. తర్వాతి పేరెంట్స్ మీటింగ్‌లో టీచర్‌తో మెల్లగా రెండు మాటలు అనండి: ప్రాజెక్టుకి మధ్యలో ఒక ఆదివారం వచ్చేలా చెప్పమని, పిల్లలు చేసింది వంకరగా ఉన్నా తీసుకోమని. గ్రూపులో మాత్రం పెట్టకండి. అక్కడ ముప్పైమంది బొటనవేలు గుర్తు పెడతారు, మీటింగ్‌లో ఒక్కరూ నోరు తెరవరు.

థర్మోకోల్ ఎందుకమ్మా అసలు? అది కోయాలంటే బ్లేడు కావాలి, బ్లేడు పిల్లాడి చేతికి ఇవ్వలేం, అంటే షాపులోనే ఆ ప్రాజెక్టు మీదైపోయింది. ఇంట్లో ఒక చెప్పుల డబ్బా, నాలుగు ఖాళీ అగరుబత్తి పెట్టెలు, కాస్త ఫెవికాల్ ఉంటే వాడి చార్మినార్ లేస్తుంది. మినారు పక్కకి ఒరిగితే ఒరగనివ్వండి. అత్తగారిని వాడి పక్కన కూర్చోబెట్టండి. ఆవిడ మాటలో సగం నిజముంది, మిగతా సగానికి జవాబు చెప్పక్కర్లేదు.

అసలు చిక్కు మీవారి ‘‘నాకు చెప్తే’’ దగ్గరుంది. మీరు అకౌంట్స్‌లో ఉన్నారు కదా, మీ పక్క సీటాయన ప్రతి బిల్లుకీ ‘‘మీరు గుర్తుచేస్తే కడతాను’’ అంటే ఎన్నాళ్లు ఊరుకుంటారు? గుర్తుపెట్టుకోవడమే పెద్ద పని. ప్రాజెక్టు ఎప్పటికివ్వాలి, చార్ట్ ఉందా, పాపకి ఎల్లుండి ఏ రంగు గౌను వెయ్యాలి, ఇవన్నీ మీ తలలోనే తిరుగుతున్నాయి. ఆయన చెయ్యి సాయం చేస్తానంటున్నారు, తల మాత్రం మీదే వాడుకుంటున్నారు. కాబట్టి పనులు కాదు, శాఖలు పంచుకోండి. స్కూలు శాఖ మొత్తం ఆయనది: గ్రూపు, డైరీ, చార్టులు, మీటింగులు. టీచర్‌తో చెప్పమన్న ఆ రెండు మాటలూ ఆయనతోనే చెప్పించండి. మీ ఫోన్‌లో ఆ గ్రూపు మ్యూట్‌లో పెట్టండి.

మొదటి నెలలో ఆయన ఒకటి మర్చిపోతారు. ఖాయం. బాబు చేతులూపుకుంటూ స్కూలుకెళ్తాడు, డైరీలో ఎర్రసిరాతో ఒక లైను వస్తుంది. మీరు పరుగెత్తి షాపుకెళ్లకపోవడమే కష్టం, ఆ ఒక్కసారికి కాళ్లు కట్టేసుకోండి. రెండో తరగతిలో ఒక ప్రాజెక్టు పోతే ఏమీ కాదు.

ఒక ఆదివారం పొద్దున్నే ఆయన పిల్లలిద్దర్నీ తీసుకుని జేఎన్‌టీయూ దగ్గర మెట్రో ఎక్కి, ఎంజీబీఎస్‌లో దిగి, ఆటోలో అసలు చార్మినార్‌కి వెళ్లమనండి. 1591లో కట్టిన ఆ కట్టడం ఒక్కో వైపు 20 మీటర్లు. బాబు తన అడుగులతో కొలిస్తే దాదాపు నలభై వస్తాయి. నాలుగు వైపులా గడియారాలున్నాయేమో వెతకమనండి. పాపకి లాడ్‌బజార్‌లో గాజులు. మీరు మాత్రం వెళ్లకండి, పడుకోండి. బాక్సులు కట్టడం, నీళ్లసీసాలు నింపడం కూడా ఆయన పనే.

మీరు చేసిన ఆ థర్మోకోల్ చార్మినార్ స్కూలు నుంచి తిరిగొస్తే షోకేసులో పెట్టకండి. బాబుకి ఇచ్చేయండి. వాడు దానికి ఊదారంగు పూసినా, కారు గ్యారేజీ చేసుకున్నా చూసీచూడనట్టు ఉండండి.