రెటీనా ఆపరేషన్ జరిగిన కంటికి శుక్లం తీయించుకునే ముందు

చిరంజీవి అమ్మాయికి బాబాయి ఆశీస్సులు.

రెటీనా (కంటి లోపల వెనుక వైపు ఉండే, వెలుగును పట్టే పొర) ఊడినప్పుడు ఆపరేషన్ చేయించుకున్న కంటికే ఇప్పుడు శుక్లం వచ్చిందని, ఏదో అజాగ్రత్త చేశానేమోనని బాధపడుతూ రాశావు. ఇందులో నీ తప్పేమీ లేదు. కంటి లోపల జెల్లీలా ఉండే విట్రియస్‌ను తీసేసినప్పుడు లెన్స్‌కు ఆక్సిజన్ ఎక్కువగా తగిలి అది త్వరగా మసకబారుతుంది. యాభై దాటినవారిలో చాలామందికి రెండేళ్లలోపే ఇలా అవుతుంది. అయితే, ఏళ్ల తరబడి శుక్లాలు తీసినవాడిగా చెబుతున్నాను, ఈ కంటిని మామూలు శుక్లం కేసుల వరుసలో చేర్చనివ్వకు.

ముందుగా పాత డిశ్చార్జ్ సమ్మరీని, వీలైతే ఆపరేషన్ నోట్సును కూడా తెప్పించుకో. విట్రెక్టమీ (విట్రియస్ తీసేసే ఆపరేషన్) చేశారా, కంటి చుట్టూ బకుల్ అనే పట్టీ వేశారా, రెటీనా అతుక్కునేందుకు లోపల గ్యాస్ నింపారా లేక సిలికాన్ ఆయిల్ నింపారా, ఆయిల్ అయితే తీసేశారా, ఊడినప్పుడు మాక్యులా (సూటి చూపునిచ్చే రెటీనా నడిమి భాగం) కూడా ఊడిందా అన్నవి శుక్లం తీసే డాక్టరుకు తెలియాలి. పాత ఆపరేషన్‌లో లెన్స్ వెనుక పొరకు పరికరం తగిలిందని ఆ కాగితాల్లో ఎక్కడైనా ఉంటే, ఆ ఒక్క వాక్యం అన్నిటికన్నా విలువైనది; ఆ పొర బలహీనంగా ఉందని ముందే తెలిసిన సర్జన్ చేయి వేరే తీరుగా కదులుతుంది.

తేదీ తీసుకునే ముందు రెటీనా డాక్టరు చుక్కలతో కంటిపాపను పెద్దది చేసి రెటీనాను అంచుల దాకా పరీక్షించాలి, ఓసీటీ (రెటీనా పొరలను చూపించే స్కాన్) తీయాలి. శుక్లం మరీ దట్టంగా ఉండి లోపల కనిపించకపోతే బీ-స్కాన్ (కంటికి చేసే అల్ట్రాసౌండ్) అవసరమవుతుంది. ఎక్కడైనా బలహీనమైన చోటు కనిపిస్తే దాని సంగతి తేలాకే శుక్లం జోలికి వెళ్ళడం మంచిది.

పొరపాట్లు ఎక్కువగా జరిగేది లెన్స్ పవర్ లెక్కలో. బకుల్ కంటిని పొడవుగా సాగదీస్తుంది కాబట్టి పాత కొలతలు పనికిరావు, మళ్ళీ కొలవాల్సిందే. ఆయిల్ ఇంకా లోపలే ఉంటే చిక్కు మరింత పెద్దది: శబ్దతరంగం విట్రియస్‌లో సెకనుకు సుమారు 1532 మీటర్లు పోతే ఆయిల్‌లో 980 మీటర్లే పోతుంది, అందువల్ల ఆ తేడాను సరిచేయకుండా అల్ట్రాసౌండ్‌తో కొలిస్తే 24 మిల్లీమీటర్ల కన్ను 30 దాటినట్టు చూపిస్తుంది. కొలతలో ఒక్క మిల్లీమీటరు తప్పితే అద్దాల పవర్ రెండున్నర, మూడు డయాప్టర్లు మారిపోతుంది. కాబట్టి వీలున్నంతవరకు కాంతితో కొలిచే యంత్రం మీదే కొలవమని అడుగు. అమర్చే లెన్స్ విషయంలో ఆక్రిలిక్ అడుగు. సిలికాన్ లెన్స్‌కు ఆయిల్ అంటుకుంటే వదలదు. దూరం, దగ్గర రెండూ కనిపిస్తాయని చెప్పే మల్టీఫోకల్ లెన్స్ మాక్యులా దెబ్బతిన్న కంటికి పెట్టించుకోవద్దని నా గట్టి అభిప్రాయం.

మత్తు గురించి కూడా ముందే మాట్లాడు. బకుల్ వల్ల పొడవు పెరిగిన కంటికి వెనుక సూది గుచ్చడంలో ప్రమాదం ఉంటుంది. చుక్కల మందుతో గానీ, మొద్దు మొన ఉన్న సన్నని గొట్టంతో గానీ మత్తివ్వడం మేలు. విట్రియస్ లేని కంటిలో ద్రవం వదలగానే లెన్స్, ఐరిస్ (కంటిపాప చుట్టూ ఉండే రంగు పొర) ఒక్కసారిగా వెనక్కి జారిపోవచ్చు, ఆ క్షణంలో లోపల గట్టిగా నొప్పిగా అనిపించవచ్చు. సర్జన్ ఐరిస్ అంచును కాస్త పైకి లేపితే అది సర్దుకుంటుంది. నువ్వు కదలకుండా, తల ఎత్తకుండా, నొప్పిగా ఉందని నోటితో చెబితే చాలు.

చూపు ఎంత వస్తుందన్నది లెన్స్ కన్నా రెటీనా మీద ఆధారపడి ఉంటుంది. మాక్యులా ఊడి అతికిన కంటికి గీతలు వంకరగా కనిపిస్తుంటే, శుక్లం తీసినంత మాత్రాన అవి నిటారు కావు. మసక పోయి వెలుగు, రంగులు తేటపడతాయి; అది చిన్న లాభం కాదు, పైగా లోపలి రెటీనా డాక్టరుకు స్పష్టంగా కనిపిస్తుంది. ఆపరేషన్‌కు ముందే ఓసీటీ చూపించి, ఎంతవరకు ఆశించవచ్చో డాక్టరు చేత చెప్పించుకో.

తర్వాత కొన్ని నెలలకు మళ్ళీ మసకగా అనిపిస్తే అది లెన్స్ వెనుక పొర మందమవడం కావచ్చు. ఇలాంటి కళ్ళలో అది తరచుగా వస్తుంది, యాగ్ లేజర్‌తో పోతుంది. కానీ మెరుపులు కనిపించినా, నల్లచుక్కలు కొత్తగా రాలినా, ఒక పక్క నుంచి తెర దిగుతున్నట్టు అనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా అదే రోజు రెటీనా డాక్టరు దగ్గరకు వెళ్ళు.

ఇట్లు,
మీ బాబాయి