లావు అక్షరాలు గీసే అమ్మాయికి సీఎస్‌ఈనా, డిజైనా?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. పుస్తకం మూసేసి లావుగా, గుండ్రంగా తెలుగు అక్షరాలు గీస్తూ కూర్చుంటోంది, ఫాంట్లు చేస్తానంటోంది. ఇదంతా కాలక్షేపమేమో, చుట్టాలు అడిగితే ఏం చెప్పాలో తెలియడం లేదు. సీఎస్‌ఈ మేలా, డిజైన్ మేలా? తను గీసిన మూడు పేజీల ఫొటోలు పంపుతున్నాను.

జవాబు: సార్, ఆ ఫొటోలు చాలాసేపు చూశాను. వృత్తం, అర్ధవృత్తం, నిలువు గీత, వీటితోనే అక్షరాలన్నీ కట్టుకొచ్చింది. ద, ధ, థ వరుస మీరు గమనించారా? లావు పెంచేకొద్దీ ధ కింద గీత, థ పొట్టలో చుక్క పూడుకుపోయి మూడూ ఒక్కలాగే కనిపిస్తాయి. మీ అమ్మాయి థ నాలుగుసార్లు చెరిపి పొట్ట వెడల్పు చేసి, పక్కన పెన్సిల్‌తో ‘ఇంకా ఇరుకు’ అని రాసుకుంది. తన తప్పు తనే పట్టుకుంటున్న పిల్లది కాలక్షేపం ఎలా అవుతుందండీ?

జర్మనీలో పాల్ రెన్నర్ ఇలాగే వృత్తాలు, గీతలతో చేసిన ఫ్యూచురా అనే ఇంగ్లిష్ ఫాంట్ 1927లో వచ్చింది, ఇప్పటికీ వాడుతున్నారు. కంపాస్‌తో గీసినట్టే ఉంటుంది గానీ కంటికి సరిపోయేలా ఎన్నోచోట్ల సవరించిందే. ఇక మీ అమ్మాయి గీసేలాంటి బొద్దు అక్షరాలు షాపు బోర్డు మీద, పోస్టర్ మీద, పిల్లల పుస్తకం అట్ట మీద, చిరుతిళ్ల ప్యాకెట్ మీద రెండు మూడు మాటలకైతే అదిరిపోతాయి. అదే పేజీ నిండా పేరిస్తే పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల్ని గుద్దుకుని చదివేవాడికి తలనొప్పి.

ఇక నా భయం యాప్‌లు, వెబ్‌సైట్ల తెరలు డిజైన్ చేయడం నేర్పే ఆరు నెలల యూఐ యూఎక్స్ కోర్సుల గురించి. వంద శాతం ప్లేస్‌మెంట్ అంటారు. నా దగ్గరికొచ్చిన ఒకబ్బాయి పోర్ట్‌ఫోలియోలో, అంటే తను చేసిన పనులు చూపించే ఫైల్లో, ఉన్న ఫుడ్ యాపే, రంగు మార్చి, అతని బ్యాచ్‌మేట్ పోర్ట్‌ఫోలియోలోనూ ఉంది, అలాంటివి చూసి ఉద్యోగం ఎవరిస్తారు? దయచేసి అక్కడ డబ్బు కట్టకండి. ఫాంట్ల అమ్మకంతోనే ఇల్లు గడవడమూ కష్టమే, రామభద్ర, బాలూ తమ్ముడు లాంటి తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి కదా. లోగోలు, ప్యాకేజింగ్ కూడా నేర్చుకుంటేనే నిలదొక్కుకుంటుంది. అందుకే చదివితే నాలుగేళ్ల బీడిజైన్ చదవాలి, నాగార్జున యూనివర్సిటీ ఆవరణలో మొదలైన జాతీయ డిజైన్ విద్యాసంస్థ ఎన్‌ఐడీ ఆంధ్రప్రదేశ్ మీ పక్కనే ఉంది. సీటు రాకపోతే సీఎస్‌ఈ చదువుతూ కూడా ఈ పని వదలక్కర్లేదు, ఫాంట్ తయారీలో కోడింగ్ చాలా పనికొస్తుంది.

కోపం వచ్చినా సరే చెబుతాను. మీరు ఫీజుల లెక్క అడగలేదు, సీట్ల సంగతి అడగలేదు, మీ టెన్షనంతా చుట్టాలకి ఏం చెప్పాలన్నదే. దానికి పిల్ల చేతిలో పెన్సిల్ లాక్కోవడం అన్యాయం. ఎంపీసీ చదివిన పిల్లకి దారులేం మూసుకుపోవు, నిశ్చింతగా ఉండండి. పరీక్షలయ్యేదాకా రోజుకి గంట గీసుకోమనండి. ఆ మూడు పేజీలు మాత్రం పాత పేపర్లతో పాటు వేసేయకండి, రేపు ఎవరైనా తన పని చూపించమంటే చూపించాల్సింది ఆ చెరిపిన గీతలే.