ముందు రాయి, తర్వాత కత్తి

చిరంజీవి మేనల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. వయొలిన్ తయారీ నేర్చుకోడానికి ఏ పనిముట్లు కొనాలని అడుగుతూ నువ్వు పంపిన కేటలాగు పేజీలన్నీ తీరిగ్గా కూర్చుని చూశాను. చెక్కపెట్టెలో వరసగా సర్దిన ఆ ఉలుల సెట్టు చూడ్డానికి ముచ్చటగానే ఉంది. కానీ కొనకు. అది తలుపుల మీద లతలూ పువ్వులూ చెక్కేవాళ్ల కోసం చేసింది. అందులో సగం ఉలులు వయొలిన్ పనిలో పెట్టె దిగవు. మిగతా సగం కావలసిన వెడల్పులో ఉండవు. ఆ డబ్బు అలాగే ఉంచు, వరసగా చెబుతాను.

నువ్వు ముందు కొనాల్సింది రాయి. నీళ్లలో తడిపి వాడే సానరాళ్లు రెండు తీసుకో, 1000 నంబరు ఒకటి, 6000 నంబరు ఒకటి. మన హార్డ్‌వేర్ కొట్లలో దొరికే రెండు ముఖాల నల్లరాయి గుమ్మాలకీ కిటికీలకీ సరిపోతుంది గానీ మన పనికి చాలదు. 1000 రాయి మీద రుద్దాక చిన్న గీతలు మిగులుతాయి, ఇంకా నునుపైన 6000 రాయి వాటిని తీసేస్తుంది. ఆఖర్న పాత తోలు బెల్టు ముక్కని చెక్కకి అంటించి, దానిమీద వెనక్కి లాగు. ఇంకో మాట, వాడేకొద్దీ రాయి మధ్యలో గుంట పడుతుంది. గుంట పడ్డ రాయి మీద ఎంత రుద్దినా అంచు తిన్నగా రాదు. దళసరి గాజుపలక మీద గరుకు కాయితం పరిచి, రాయిని దానిమీద రుద్ది చదును చేస్తూ ఉండాలి.

పదును వచ్చిందో లేదో గోటి మీద పెట్టి చూడొద్దు, వెంట్రుకలు గొరిగీ చూడొద్దు. మిషన్లు దిగుమతయ్యే ప్యాకింగు పెట్టెల పైన్ చెక్క తెచ్చుకో. రంపంతో అడ్డంగా కోసి, ఆ కోసిన ముఖం మీద కత్తితో పల్చగా ఒక పొర తియ్యి. కిటికీ దగ్గర వెలుగులో పట్టుకుని చూడు. ముదురు గీతలూ, వాటి మధ్య లేత పట్టీలూ కనిపిస్తాయి. ముదురు గీత గట్టిది, మొద్దు కత్తికి కూడా తెగుతుంది. లేత పట్టీలోనే అసలు సంగతి తెలుస్తుంది. పదును చాలకపోతే అది తెగకుండా నలిగి, పొడిపొడిగా తెల్లగా పైకి లేస్తుంది. పదును కుదిరితే రెండూ ఒకే మట్టంలో, మైనం రాసినట్టు నిగనిగలాడతాయి. వయొలిన్ పైపలక స్ప్రూస్ చెక్కతో చేస్తారు, అదీ ఇలాంటిదే. లోపల నిలబెట్టే సౌండ్ పోస్టు ఆరు మిల్లీమీటర్ల స్ప్రూస్ పుల్ల. దాని రెండు కొసలూ పలకల లోపలి వంపుకి అతికినట్టు కూర్చోవాలి. ఆ కొసలు కోసేది సరిగ్గా ఈ అడ్డకోతే. అందుకే ఈ పరీక్ష నెగ్గేవరకూ వేరే పనిముట్టు జోలికి పోవద్దని నా పట్టు.

రాయి తర్వాత కత్తి. సన్నది ఒకటి అయిదారు మిల్లీమీటర్ల వెడల్పు, పెద్దది పది పన్నెండు. ఇవి కొననక్కర్లేదు. రైస్‌మిల్లులున్న ప్రతి ఊళ్లోనూ లేతు షాపు ఉంటుంది, అక్కడ మిషను హాక్సా బ్లేడు ముక్కలు పారేస్తారు. హైస్పీడు స్టీలు బ్లేడని అడిగి మరీ తెచ్చుకో. గ్రైండరు మీద కాస్త నీలమెక్కినా ఆ ఉక్కు దెబ్బతినదు. మామూలు కార్బన్ ఉక్కు నీలమెక్కిందంటే మెత్తబడిపోయినట్టే. పిడి నీ గుప్పిటకి తగ్గట్టు నువ్వే చేసుకో. తీగల్ని ఎత్తి పట్టే బ్రిడ్జి కోయడం, ఎఫ్ ఆకారపు రంధ్రాల అంచులు దిద్దడం, అంచు వెంట పర్‌ఫ్లింగు, అంటే పొదిగే సన్నటి చెక్క పట్టీ, దిగే గాడి గీయడం, సౌండ్ పోస్టు కోయడం, అన్నీ ఈ రెండు కత్తులతోనే. చవక వయొలిన్ ఒకటి తెచ్చుకుని, దానికి బ్రిడ్జీలు కోసి కోసి పెట్టు. చెయ్యి తిరగాలంటే అంతకు మించిన దారి లేదు.

మీ తాతగారి ఉలులు ఇంట్లో ఉన్నాయన్నావు. చాలా మంచిది, అమ్మేయకండి. వాటి వాలు టేకు కోసం దళసరిగా పట్టి ఉంటుంది. రెండు మూడింటిని 25 డిగ్రీలకి పల్చన చేసుకో. లోపలి దిమ్మలు కోయడానికీ, మెడ దిగే గాడి తవ్వడానికీ అవి చాలు.

ఇక వంపు ఉలులు, కేటలాగులో గౌజులని రాస్తారు. నంబరు పెరిగేకొద్దీ వంపు లోతు పెరుగుతుంది. 3 దాదాపు చదును, 9 అంటే ఇంచుమించు అర్ధచంద్రం. మొదలుపెట్టడానికి పెద్దది ఒకటే చాలు, 7 నంబరులో 25 నుంచి 30 మిల్లీమీటర్ల వెడల్పు, రెండు చేతులూ పట్టేంత పొడుగు పిడితో. పలకల గుబ్బ ముందు దీంతోనే తవ్వాలి. దీన్ని కమ్మరి చేత చేయించుకోవచ్చు. తాళ్లరేవు వైపు పడవలు కట్టే వడ్రంగులకి బాడిసలు సాగగొట్టే కమ్మర్లకి లారీ కమానుపట్టీ ఉక్కు అలవాటే. చెక్కతో అచ్చు చేసి ఇచ్చి, అదే వంపు రావాలని చెప్పు. వయొలిన్ తలకాయ చుట్ట చెక్కే చిన్న ఉలులు మాత్రం మంచి కంపెనీవి కొనాలి, అవీ ఇప్పుడే కాదు.

చిత్రిక విషయంలో కక్కుర్తి పడొద్దు. పైపలకా వెనకపలకా చాలావరకు రెండేసి ముక్కలు మధ్యలో అతికినవే. ఆ అతుకు అంచులు రెండూ ఆనించి దీపానికి ఎదురుగా పడితే ఎక్కడా వెలుతురు దూరకూడదు. మన కొయ్య చిత్రికలు శ్రావణ భాద్రపదాల్లో ఉబ్బి, అడుగు మెలి తిరుగుతాయి. అందుకని అతుకుల పనికి పద్నాలుగు అంగుళాల ఇనప చిత్రిక, 5 నంబరుది, తీసుకో. స్టీలు స్కేలు అంచు ఆనించి అడుగు చదునుగా ఉందో లేదో చూసుకునే డబ్బివ్వు. దాంతోపాటు గుప్పిట్లో ఇమిడే చిన్నది ఒకటి చాలు. గుబ్బని నునుపు చేసే బొటనవేలంత చిత్రికలు తర్వాత నువ్వే చేసుకుంటావు. గరుకు కాయితం బదులు వాడే గోకుడు రేకులు పాత చేతిరంపం బ్లేడు కత్తిరిస్తే వస్తాయి.

కొలత పనిముట్టు ఒకటి ఖరీదైనా కొనాలి. డయలున్న మందం కాలిపరు. పైపలక మూడు మిల్లీమీటర్లకి అటూ ఇటూ, వెనకపలక మధ్యలో నాలుగున్నర, అంచులకి రెండున్నర దాకా దిగుతుంది. చేతి అంచనా దీనికి పనికిరాదు. వయొలిన్ కింది భాగం వెడల్పు 208 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, కాబట్టి కాలిపరు నోరు మధ్యగీత దాకా అందాలంటే 110 అయినా లోతుండాలి. ఇది చూడకుండా కొంటే నడిమధ్యే కొలవలేవు.

మన సంగీతం వాళ్ల కోసం ఇంకొకటి చెప్పాలి. ఒకరోజు ఒక గాయకుడి శ్రుతికి, మర్నాడు ఇంకొకరి శ్రుతికి బిరడాలు తిప్పుతూనే ఉంటారు. రంధ్రాలు అరిగిపోయి బిరడాలు జారిపోతుంటాయి. నీ దగ్గరికి వచ్చే మొదటి రిపేర్లు అవే. 30కి 1 వాలు ఉన్న రీమరు, అంటే రంధ్రాన్ని వాలుగా దిద్దే పనిముట్టు, అదే వాలుతో బిరడా చెక్కే సాధనం, రెండూ జతగా ఒకే చోట కొను. వాలు కలవకపోతే బిరడా ఒక పక్కనే బిగుస్తుంది.

వయొలిన్ పలకలు అతికి మూసేటప్పుడు చుట్టూ 30 దాకా బిగింపులు కావాలి. పొడుగు బోల్టులు, రెక్కల నట్లు, తరిమెన పట్టించిన చెక్క బిళ్లలు, వాటికి తోలు. ఇంట్లోనే అయిపోతాయి. జిగురు మాత్రం వజ్రమే, అంటే పశువుల తోలు ఉడికించి తీసే వడ్రంగుల జిగురు. నీళ్ల గిన్నెలో గిన్నె పెట్టి 60 డిగ్రీల దగ్గర ఉంచాలి. ఫెవికాల్‌తో అతికితే రేపు మూత విప్పి రిపేరు చేసేవాడు పలకే చీల్చాల్సి వస్తుంది.

మీ ఊరికి అంతర్వేది వైపు సముద్రపు గాలి తగులుతుంది. వానాకాలంలో రాత్రి బల్లమీద వదిలిన ఉలికి పొద్దున్నకల్లా పసుపు చుక్కలు వేస్తాయి. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె రాయకు, అది కొన్నాళ్లకి జిగటగా పేరుకుంటుంది. కుట్టుమిషను నూనె గుడ్డతో పల్చగా తుడిచి, రేకుపెట్టెలో పెట్టు. పనిలోకి దిగేముందు ఆ నూనె ఎండుగుడ్డతో పూర్తిగా తుడిచెయ్యి. అతికే అంచుకి నూనె తగిలితే వజ్రం పట్టదు.

ప్రస్తుతానికి రాళ్లు తెప్పించు, బ్లేడు ముక్క సంపాదించు. పైన్ చెక్క కోసిన ముఖం దగ్గర్నుంచి, పక్క వెలుగులో ఫోటో తీసి పంపు. అది చూశాక కమ్మరికి ఇవ్వాల్సిన అచ్చు నేనే చేసి పంపిస్తాను. అక్కయ్యకీ బావగారికీ నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మీ మావయ్య