శ్రద్ధాంజలికి శుభలేఖ అక్షరాలా?

ప్రశ్న: ఇంటర్ రెండో సంవత్సరం చదువుతూ, సాయంత్రాలు మా బాబాయి డీటీపీ సెంటర్‌లో పనిచేస్తున్నాను. గ్రాఫిక్ డిజైన్‌లో స్థిరపడాలని ఉంది. నేను చేసిన కార్డులకు ఫాంటు కుదరలేదంటున్న కస్టమర్లు కారణం మాత్రం చెప్పలేకపోతున్నారు. ఫాంట్లు ఎంచుకోవడం ఎలా నేర్చుకోవాలి?
– ఒక విద్యార్థి, నరసరావుపేట

సమాధానం: మీరు పంపిన మూడు నమూనాల్లో శ్రద్ధాంజలి కార్డు దగ్గర నేను ఎక్కువసేపు ఆగిపోయాను. పోయిన పెద్దాయన పేరుకు మీరు వాడిన అక్షరాలు తీగల్లా సాగి, మెలికలు తిరిగి, చూడగానే పెళ్లి పందిరిని గుర్తు చేస్తున్నాయి. మీ కస్టమర్లకు ఫాంట్ల పేర్లు తెలియకపోవచ్చు గానీ, పాతికేళ్లుగా శుభలేఖలు అందుకున్న కళ్లకు ఆ అక్షరాలు ఎక్కడివో తెలుసు. అక్కడ 'సూరన్న', 'నోటో సెరిఫ్ తెలుగు' వంటి నిదానమైన అక్షరాలను మధ్యస్థ పరిమాణంలో పెట్టి, చుట్టూ ధారాళంగా ఖాళీ వదిలితే చాలు.

అదే కార్డులో ఇంకో లోపం ఉంది. 'శ్రద్ధాంజలి' అన్న మాటను దగ్గరగా చూడండి. రావత్తు, ధావత్తు రెండూ కిందికి దిగుతాయి. ఇంగ్లీషు టెంప్లేటులోని వరుసల ఎడాన్ని మీరు అలాగే ఉంచేయడం వల్ల ఆ ఒత్తులు కింది వరుసలోని గుడులకు తగులుతున్నాయి. పైగా నల్లని నేపథ్యంపై తెల్లని సన్నని అక్షరాలు వేశారు. ముద్రణలో సిరా కాస్త పాకినా సన్నగీతలు పూడిపోయి, 'ధ'కీ 'ద'కీ తేడా చెప్పడం కష్టమవుతుంది.

కోచింగ్ సెంటర్ ఫ్లెక్సీ సంగతి వేరు. దాన్ని బండి మీద వెళ్లేవాడు రెండు మూడు సెకన్లలో చదవాలి కనుక శీర్షికకు 'రామభద్ర' వంటి బరువైన అక్షరాలు నప్పుతాయి. అవే అక్షరాలతో ఫీజుల వివరాలు కూడా నింపేస్తే ఏదీ కనబడదు, వాటికి 'మండలి' మేలు. (ఫాంటు పేరు చూసి మోసపోకండి: 'ధూర్జటి' అని ఉన్నంత మాత్రాన శివరాత్రి కరపత్రానికి అదే తగినదని కాదు.) కిరాణా కొట్టు విజిటింగ్ కార్డు బాగానే ఉంది.

మీ సెంటర్‌లో 'అను' అనే పాత తరహా తెలుగు ఫాంట్లు వాడుతున్నట్టు రాశారు. అచ్చుపనికి అవి ఇప్పటికీ చెల్లుతాయి, కానీ యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ, ఫోన్లూ ఒకేలా గుర్తించే అక్షర సంకేతాల పద్ధతి) కావు కనుక అందులో కొట్టిన మ్యాటర్‌ను వెబ్‌సైట్‌లో పెడితే అర్థంకాని గుర్తులుగా మారుతుంది. ఉద్యోగం కోరుకునేవారికి యూనికోడ్ తెలుగు తప్పనిసరి అని నా అభిప్రాయం. 'అను' తప్ప నేను పైన చెప్పిన ఫాంట్లన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి.

ఇక చదువు. హైదరాబాద్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూలో (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం) నాలుగేళ్ల బీఎఫ్ఏ (లలిత కళల డిగ్రీ) అప్లైడ్ ఆర్ట్ ఉంది. ఐఐటీ హైదరాబాద్‌లో బీడిజైన్ (డిజైన్ డిగ్రీ)కు యూసీడ్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, దానికి ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినా అర్హతే. ఎన్ఐడీలకు (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) డిజైన్ ఆప్టిట్యూడ్ టెస్టు వేరుగా ఉంటుంది. 2015లో మొదలైన ఎన్ఐడీ ఆంధ్రప్రదేశ్ మీకు దగ్గర కూడా. కోర్సులోనైనా ఉద్యోగంలోనైనా మీ పని చూసినవారు 'ఈ అక్షరమే ఎందుకు?' అని అడుగుతారు. 'అందంగా ఉందని' అన్నది జవాబు కాదు. ఎవరు, ఎంత దూరం నుంచి, ఏ మనఃస్థితిలో చదువుతారో చెప్పగలగాలి.

ఈ వారమే ఆ శ్రద్ధాంజలి కార్డును మూడు వేర్వేరు ఫాంట్లలో మళ్లీ కూర్చి, తెర మీద కాకుండా అసలు కొలతలో ప్రింటు తీయండి. ఇంట్లో అరవై దాటినవారికిచ్చి కళ్లద్దాలు లేకుండా చదవమనండి. వారు తడబడిన ప్రతి అక్షరం కింద పెన్సిలుతో గీత గీసి, ఆ మూడు కాగితాలనూ దాచండి. మీ పోర్ట్‌ఫోలియోలో (మీ పనుల నమూనాల సంకలనంలో) మొదటి పేజీకి అవే పనికొస్తాయి.