సజ్జ పిండి థీసిస్‌ను మార్కెట్‌కు చేర్చాలంటే ముందు ఎవరిని కలవాలి?

ప్రశ్న: ఎం.టెక్ ఫుడ్ టెక్నాలజీ చివరి ఏడాది చదువుతున్నాను. మూడు నెలలు చేదెక్కకుండా నిల్వ ఉండే సజ్జ పిండి మీద థీసిస్ చేశాను. దాన్ని మార్కెట్లోకి తేవాలని ఉంది, కానీ ఎవరిని కలవాలో తెలియడం లేదు. ఇంట్లోవాళ్లు ఉద్యోగం చూసుకోమంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక విద్యార్థిని, బాపట్ల

జవాబు: మీరు ఎంచుకున్న సమస్య అసలైనది. సజ్జ గింజలో సుమారు 5 శాతం కొవ్వు ఉంటుంది. మర పట్టగానే లైపేజ్ అనే ఎంజైమ్ ఆ కొవ్వును విడగొట్టడం మొదలుపెడుతుంది, కొద్ది రోజుల్లోనే పిండి చేదెక్కుతుంది. గింజకు వేడి పట్టించి ఆ ఎంజైమ్‌ను ఆపగలిగారు, సంతోషం. కానీ అది ఇప్పటివరకు ల్యాబ్‌లో రుజువైన మాట మాత్రమే.

జర్నల్‌కు పేపర్ పంపేముందు మీ విశ్వవిద్యాలయం మేధాహక్కుల విభాగానికి వెళ్లండి. చాలాచోట్ల థీసిస్ ఫలితాల మీద హక్కు విద్యార్థిది ఒక్కరిదే కాదు, రేపు అమ్ముకోవాలంటే లైసెన్స్ ఒప్పందం కావాలి. పేపర్ ముందే అచ్చయితే కొత్తదనం పోయి పేటెంట్ చిక్కుల్లో పడుతుంది. ముందుగా ప్రొవిజనల్ (తాత్కాలిక) పేటెంట్ దరఖాస్తు వేస్తే పూర్తి దరఖాస్తుకు 12 నెలల గడువు ఉంటుంది. ఉత్త మిశ్రమాలకు, సంప్రదాయ పద్ధతులకు మన చట్టం పేటెంట్ ఇవ్వదు. కాబట్టి మీ ప్రక్రియలో కొత్తగా ఉన్నదేమిటో, ఏ వేడి, ఎంత తేమ, ఎంతసేపు అన్నది స్పష్టంగా రాయించండి.

తర్వాత కలవాల్సింది పెట్టుబడిదారుని కాదు, మిల్లు యజమానిని. ట్రేలో రెండు కిలోలు పలచగా పరిచి వేడి చేస్తే ప్రతి గింజకూ వేడి సమంగా తగులుతుంది. అదే డ్రమ్ రోస్టర్‌లో రెండు వందల కిలోలు పోస్తే కొన్ని గింజలు మాడతాయి, కొన్నింటి లోపలికి వేడి చేరదు. లైపేజ్ మిగిలిన ఆ కొద్ది గింజలే బస్తా మొత్తాన్ని చెడగొడతాయి. ఈ సంగతి బయటపడేది పిండి కొట్టుకు చేరాకే. అందుకే మిల్లులో కనీసం మూడు బ్యాచ్‌లు ఆడించండి. ఒక్కో బ్యాచ్‌లో డ్రమ్ము ముందు, మధ్య, చివరి భాగాల నుంచి నమూనాలు తీసి తేమ, కొవ్వు విడిపోయినప్పుడు పుట్టే ఫ్రీ ఫ్యాటీ ఆసిడ్లు కొలవండి. మీరు అమ్మబోయే ప్యాకెట్‌లోనే పిండి నింపి, 38 డిగ్రీలు, 90 శాతం గాలి తేమలో కొన్ని, మామూలు గది వాతావరణంలో కొన్ని ఉంచి చూడండి. పలచటి పాలిథిన్ కవరులో ల్యాబ్ ఫలితం నిలవకపోవచ్చు.

అదే సమయంలో పది కిరాణా కొట్లకు వెళ్లండి. పిండి నచ్చిందా అని కాదు, మార్జిన్ ఎంత అడుగుతారు, అమ్ముడుపోని సరుకు వెనక్కి పంపుతారా, డబ్బు ఎన్ని రోజులకు ఇస్తారు అని అడగండి. లెక్క ఇలా వేసుకోండి: ఎంఆర్‌పీ 60 రూపాయలు, కొట్టుకు 20 శాతం, డిస్ట్రిబ్యూటర్‌కు 8 శాతం, 5 శాతం జీఎస్టీ అనుకుంటే మీ చేతికొచ్చేది దాదాపు 40 రూపాయలు. సజ్జలు, వేయింపు, మర, ప్యాకింగ్, రవాణా, మీ లాభం అన్నీ అందులోనే రావాలి. చాలా మంచి పరిశోధనలు ఆగిపోయేది ఈ లెక్క దగ్గరే. ల్యాబ్‌లో దీన్ని ఎవరూ వేయరు.

రుచి పరీక్ష విషయంలో డిపార్ట్‌మెంట్ ప్యానెల్ ఒక్కటే చాలదు. రోజూ రొట్టె కొట్టే యాభై ఇళ్లకు కిలో చొప్పున ఇచ్చి, వారం తర్వాత రెండో కిలో డబ్బుకు కొంటారేమో చూడండి. వేడి పట్టిన పిండి జిగురు తగ్గి రొట్టె అంచులు పగలొచ్చు, ఆ మాట చెప్పగలిగేది రోజూ పిండి పిసికే చేతులే.

గింజల కోసం రైతు ఉత్పత్తిదారుల సంఘంతో మాట్లాడేటప్పుడు రకం, తేమ, రాళ్లు తీసిన సరుకు అన్నవి కాగితం మీద పెట్టండి. లేబుల్‌కు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ గానీ లైసెన్స్ గానీ ముందే ఉండాలి. ‘పీచు అధికం’ అని రాయాలంటే 100 గ్రాముల్లో 6 గ్రాములు ఉండాలి, దానికి ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపున్న ల్యాబ్ రిపోర్టు దగ్గర పెట్టుకోండి. ‘షుగర్ తగ్గిస్తుంది’ లాంటి మాటల జోలికి పోవద్దు.

ఈ కాగితాలన్నీ చేతిలో ఉన్నప్పుడు హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారత చిరుధాన్యాల పరిశోధన సంస్థకు చెందిన న్యూట్రిహబ్ అనే ఇన్‌క్యుబేటర్‌కు (కొత్త వ్యాపారాలకు చేయూతనిచ్చే కేంద్రానికి) దరఖాస్తు చేయండి. అదే ప్రాంతంలో నార్మ్‌కు (జాతీయ వ్యవసాయ పరిశోధన యాజమాన్య అకాడమీ) చెందిన ఎ-ఐడియా అనే ఇన్‌క్యుబేటర్ కూడా ఉంది. సొంత యూనిట్ పెట్టాలనుకుంటే చిన్న ఆహార శుద్ధి యూనిట్ల కోసం కేంద్రం తెచ్చిన పీఎంఎఫ్‌ఎంఈ పథకం కింద బ్యాంకు రుణంతో యూనిట్ ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల సబ్సిడీ ఇప్పుడూ అందుతోందేమో జిల్లా అధికారులను అడగండి.

ఇక ఇంట్లోవాళ్ల మాట. ఉద్యోగమా, సొంత వ్యాపారమా అని ఈ రోజే తేల్చుకోనక్కర్లేదు. పైన చెప్పిన పనికి ఆరు నెలలు కేటాయించండి. మిల్లులో లెక్క కుదరకపోయినా ఆ బ్యాచ్ రికార్డులు, కొట్ల నుంచి తెచ్చిన ధరల పట్టిక, లేబుల్ ముసాయిదా మీ దగ్గర ఉంటాయి. కొత్త ఉత్పత్తుల విభాగానికో, రెగ్యులేటరీ ఉద్యోగానికో, ఇన్‌క్యుబేటర్‌లో టెక్నాలజీ బదిలీ పనికో ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు థీసిస్‌తో పాటు ఆ ఫైలు కూడా తీసుకెళ్లండి.